ఎవరికి డాక్టరు కావాలనుకుంటున్నారు?

ఈ కాలమ్‌కి వచ్చే ఉత్తరాల్లో ఈమధ్య ఒక రకం బాగా పెరిగింది. రాసేవాళ్లు ముప్పై అయిదు, నలభై మధ్యవాళ్లు. ఒకరిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంకొకరిది బ్యాంకు, మరొకరికి సొంత మందుల షాపు. "డాక్టరుగారూ, ఈ వయసులో ఎంబీబీఎస్ చేరితే నవ్వుతారా?" అని అడుగుతారు. ఆ ఉత్తరాల్లో చాలావాటిలో ఒక ఐసీయూ ఉంటుంది. నాన్నకి పక్షవాతం వచ్చిన రాత్రి, బయట ఇనుప కుర్చీలో కూర్చుని, లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పక పడిన యాతన వాళ్లని ఇటువైపు తోసింది.

నవ్వేవాళ్లు నవ్వుతారు. నిబంధన మాత్రం ఇప్పుడు అడ్డం రాదు. 2017లో నీట్ రాయడానికి 25 ఏళ్ల గరిష్ఠ వయసు పెట్టారు, రిజర్వేషన్ వర్గాలకు 30. 2018లో ఢిల్లీ హైకోర్టు అది సబబేనంది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు, తుది తీర్పుకి లోబడి, 25 దాటినవాళ్లనీ పరీక్షకి రానిమ్మంది. చివరికి 2022 మార్చిలో జాతీయ వైద్య కమిషన్ ఆ పరిమితిని ఎత్తేసింది. ఈలోపే, 2020 నీట్‌లో అర్హత సాధించి, ఒడిశాలో 64 ఏళ్ల రిటైర్డ్ బ్యాంకు అధికారి ఒకాయన బుర్లా మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరంలో చేరారు. ఇంటర్‌లో ఎంపీసీ చదివిన ఇంజినీర్లకు బయాలజీ లేకపోవడం ఇంకో గోడ. 2023 నవంబరులో అదీ కూలింది. ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా చాలన్నారు.

గోడలు పోయినా దారి మాత్రం పదిహేడేళ్ల పిల్లల కోసం వేసిందే. 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. ఏటా 20 లక్షలకు పైగా పేర్లు నమోదవుతాయి. బెజవాడ లాంగ్‌టర్మ్ హాస్టళ్లలో తెల్లారుజామున లేచి బిట్లు రుద్దే పిల్లలతో, ఇంటి లోను వాయిదా కడుతూ, కొడుకు టెన్త్ పరీక్షలు చూసుకుంటూ పోటీ పడాలి. సీటొస్తే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. ముప్పై ఎనిమిదిలో చేరితే ఏ ఏడాదీ పోకుండా చదివినా నలభై మూడు దాటుతుంది. పీజీ కావాలంటే దానికి ఎంట్రన్సు, ఆపైన మూడేళ్లు. ఈ లెక్క ఉత్తరం రాసినవాళ్లకి నాకన్నా బాగా తెలుసు. అందుకే నేను లెక్క చెప్పను. ఒక్కటే అడుగుతాను: మీరు ఎవరికి డాక్టరు కావాలనుకుంటున్నారు?

ఈ ప్రశ్న నాకు మేరీ షార్లీబ్ కథ చదివినప్పుడు పట్టుకుంది. ఆమె మద్రాసులో ఒక ఇంగ్లీషు బారిస్టరు భార్య. భర్తకి కేసుల పనిలో సాయం చేస్తూ ఉండేది. ఘోషా స్త్రీలు మగ డాక్టరుకి చూపించుకోలేక కాన్పుల్లో చనిపోతున్నారని విని, ఆ వినడాన్ని వదిలించుకోలేకపోయింది. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీ మొదటిసారి ఆడవాళ్లను చేర్చుకుంది. సర్జన్ జనరల్ ఎడ్వర్డ్ బాల్ఫోర్ దీనికి అండగా నిలిచాడు. చేరిన నలుగురిలో ఈమె ఒకరు. వయసు 30, ఇంట్లో ముగ్గురు పిల్లలు. మూడేళ్లకు లైసెన్సు వచ్చింది. చాలామంది అక్కడ ఆగిపోయేవాళ్లు. ఈమె లండన్ వెళ్లి 1882లో డిగ్రీ తీసుకుని, మళ్లీ మద్రాసుకే వచ్చి, 1885లో ఘోషా ఆసుపత్రి పెట్టించింది. ట్రిప్లికేన్‌లో ఇప్పుడున్న కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అదే. అప్పటికి విశాఖలో మెడికల్ కాలేజీ లేదు, అది 1923లో వచ్చింది. కోస్తా, సీమ జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలోనే ఉండేవి. మన ముత్తవ్వల తరంలో లేడీ డాక్టరు అనే మనిషి ఉండొచ్చని జనానికి తెలిసింది ఇలాంటి వాళ్ల వల్లే.

ఆల్బర్ట్ ష్వైట్జర్‌ది అందరికీ తెలిసిన కథ కాబట్టి త్వరగా దాటేస్తాను. స్ట్రాస్‌బర్గ్‌లో వేదాంతం చెప్పే అధ్యాపకుడు, పేరున్న ఆర్గన్ విద్వాంసుడు, 1905లో 30 ఏళ్లకి తను పాఠం చెప్పే విశ్వవిద్యాలయంలోనే వైద్య విద్యార్థిగా కూర్చున్నాడు. 1913లో ఇప్పటి గాబన్‌లోని లాంబరీనీకి వెళ్లాడు. ఆఫ్రికన్ల పట్ల ఆయన పెద్దరికపు ధోరణి మీద విమర్శలున్నాయి, అవి న్యాయమైనవే. అయినా ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకున్నాకే చదువులో చేరాడన్నది నిజం.

నాకు అందరికన్నా ఇష్టం సిసిలీ సాండర్స్. మొదట నర్సు. నడుం నొప్పి వల్ల ఆ పని వదిలి ఆసుపత్రి సామాజిక కార్యకర్త అయింది. 1948లో డేవిడ్ తాస్మా అనే పోలిష్ శరణార్థి క్యాన్సరుతో చనిపోతూ, చావు దగ్గరపడినవాళ్ల కోసం ఆమె కట్టబోయే చోటుకి 500 పౌన్లు వదిలి వెళ్లాడు. నర్సు మాట డాక్టర్లు వినరు, నువ్వే డాక్టరువైపో అని ఆమె పనిచేసే సర్జను సలహా ఇచ్చాడు. 33 ఏళ్లకి చేరి, 38కి పట్టా పుచ్చుకుంది. నొప్పి లేచేదాకా ఆగి ఇంజెక్షను చేసే రోజుల్లో, నొప్పి లేవకముందే వేళ ప్రకారం మార్ఫిన్ ఇవ్వాలని పట్టుబట్టింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ఇవాళ మన క్యాన్సర్ ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ వార్డంటూ ఉన్నచోటల్లా ఆమె పద్ధతే నడుస్తోంది.

ముగ్గురూ పెద్ద డాక్టర్లు పట్టించుకోని రోగుల దగ్గరికే వెళ్లారు. పదిహేడేళ్ల పిల్లాడిని ఎవరికి డాక్టరువవుతావు అని అడిగితే కార్డియాలజీ అంటాడు. అది వాడి తప్పు కాదు, వాడికి ఇంకా మనుషులు తగల్లేదు. ఆలస్యంగా వచ్చేవాళ్లకి తగిలి ఉంటారు. వాళ్ల అసలు పెట్టుబడి అదే.

నేను జనరల్ మెడిసిన్ వార్డులో పాఠం చెబుతాను. కొన్నాళ్ల కిందట మా యూనిట్‌కి క్లినికల్ పోస్టింగ్ మీద వచ్చిన పిల్లల్లో ముప్పై దాటిన ఒకామె ఉంది. అంతకుముందు స్టాఫ్ నర్సు. బ్యాచ్ అంతా ఆమెని అక్కా అంటారు. ఆయాసంతో, పాదాల వాపుతో రెండోసారి చేరిన ఒక ముసలమ్మ దగ్గర హిస్టరీ తీసుకోమన్నాను. ముందు ఒక కుర్రాడు అడిగాడు. ప్రతి ప్రశ్నకీ పక్కనున్న కొడుకే జవాబు చెప్పాడు, వీడు రాసుకున్నాడు: మందులు క్రమంగా వాడుతున్నారు. ఈమె వంతు వచ్చింది. "తమ్ముడూ, అమ్మకి కాస్త టీ పట్టుకొస్తావా" అని కొడుకుని బయటికి పంపింది. మంచం అంచున కూర్చుని, "పెద్దమ్మా, మాత్ర రోజూ వేసుకుంటున్నావా, రోజు విడిచి రోజా?" అంది. "రోజు విడిచి రోజే తల్లీ. వాడికి ఖర్చెక్కువవుతోందని. వాడితో అనకు" అంది ముసలమ్మ. రెండోసారి ఎందుకు చేరిందో తేలిపోయింది. ఎకో అక్కర్లేకపోయింది అనను, ఎకో తీశాం. కానీ ఆ జవాబు ఎకోలో కనబడేది కాదు.

ఇదే మనిషికి ఇంకోచోట కాళ్లాడేవి కావు. "నువ్వైతే ఏం రాస్తావమ్మా?" అని కేస్ షీట్ చేతికిస్తే పెన్ను ఆగిపోయేది. "మీరు చెప్పండి సార్" అనేది. మోతాదులన్నీ తెలుసు, ఏ మందుకి ఏ రియాక్షను వస్తుందో నాకన్నా ముందు పసిగడుతుంది. అయితే ఇంకొకరు రాసింది ఇవ్వడం వేరు, రాసి ఆ రాతకి పూచీపడటం వేరు. "నేను ఇది హార్ట్ ఫెయిల్యూర్ అనుకుంటున్నాను, ఎందుకంటే" అని మొదలుపెట్టడం ఆమెకి చాలా నెలల పని అయింది. పాత వృత్తి ఇచ్చింది ఎంతో, పెట్టిన అలవాట్లూ అంతే. ఇంజినీరు వచ్చి ప్రతి జబ్బుకీ ఒకే కారణం వెతుకుతాడు. డెబ్భై ఏళ్ల మనిషికి షుగరు, బీపీ, కిడ్నీ, కోడలితో గొడవ అన్నీ కలిసే వస్తాయి. మేనేజరుగా పదిమందిని నడిపినవాడికి, తనకన్నా పదేళ్లు చిన్నదైన పీజీ అమ్మాయి రౌండ్స్‌లో నలుగురి ముందు మందలిస్తే ఒళ్లు మండుతుంది. ఆ మంట దిగమింగలేనివాళ్లు ఈ పనికి రాకపోవడమే మంచిది. ఇక్కడ వేళ్లతో నేర్చుకునే విద్య సగం. పొట్ట మీద చెయ్యి పెట్టి, ఊపిరి తీసుకోమని, కిందికి దిగే ప్లీహం అంచు వేలికి తగలడం అనేది పుస్తకంలో చదివితే రాదు. చూపించేవాళ్ల వయసెంతైనా వాళ్ల దగ్గర తల వంచాల్సిందే.

ఆలస్యంగా చేరినవాళ్లకి నా అభిప్రాయం ఒకటుంది, పీజీ సీటు వెనక పరిగెత్తకండి. నలభై అయిదేళ్ల ఎంబీబీఎస్ డాక్టరు మండల కేంద్రంలో బోర్డు పెట్టుకుని, వీధిలో మూడు తరాలని పేరుతో ఎరిగి, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో ఎవరిని పంపనక్కర్లేదో తేల్చిచెబితే, అంతకన్నా పెద్ద పని నాకు కనబడదు. ఫ్యామిలీ డాక్టరు మన ఊళ్లలో ఇంచుమించు మాయమయ్యాడు. ఆ కుర్చీకి ఇరవై నాలుగేళ్ల కుర్రాడికన్నా, పెళ్లిళ్లూ అప్పులూ చావులూ చూసిన మనిషి నప్పుతాడు. పట్టా పక్కన ఎండీ లేదని వెనకాల మాట్లాడేవాళ్లు ఉంటారు, మాట్లాడనివ్వండి.

ఉత్తరం రాసినవాళ్లు నీట్ పుస్తకాలు కొనేముందు సెలవు పెట్టి ఏదైనా సర్కారు ఆసుపత్రి ఓపీ బయట కొన్ని ఉదయాలు కూర్చోండి. ఆ క్యూలో ఒక్క మనిషి కోసమైనా మీ ప్రాణం లాగితే నాకు మళ్లీ రాయండి. లాగింది మెడలో స్టెతస్కోపే అయితే ఉద్యోగం వదలకండి.

ఇక కమిషన్‌కి. అమెరికాలో డిగ్రీ అయ్యాకే వైద్య విద్య. బ్రిటన్‌లో 2000 నుంచి పట్టభద్రులకు నాలుగేళ్ల ప్రత్యేక కోర్సు ఉంది. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 1996లోనే ఈ దారి వేసింది. మన దగ్గర నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివి, పదేళ్లు వార్డులో రాత్రి డ్యూటీలు చేసిన మనిషి కూడా ఇంటర్ పిల్లలతో కలిసి కిరణజన్య సంయోగక్రియ మీద బిట్లు గుర్తించాలి. వయసు పరిమితి తీసేసిన కమిషన్ ఇంకొక్క అడుగు వెయ్యాలి. పట్టభద్రుల కోసం కొన్ని సీట్లు, వేరే ప్రవేశ పరీక్ష, వాళ్లకి తెలిసినదాన్ని లెక్కలో వేసుకునే కోర్సు పెట్టాలి. మొదటి బ్యాచ్‌లో నర్సులని తీసుకోవాలి.