మెట్లెక్కి వెళ్ళిపోయిన ఆ నలుగురు

పాట్ సమ్మిట్ ఆత్మకథ ‘సమ్ ఇట్ అప్’ చదవడం అయిపోయి రెండు నెలలైంది. ఎనిమిది జాతీయ టైటిళ్ళు, 1098 విజయాలు, ప్లేయర్‌గా ఒక ఒలింపిక్ వెండి, కోచ్‌గా ఒక బంగారం. గుర్తుపెట్టుకోడానికి ఆ జీవితంలో చాలానే ఉన్నాయి. నన్ను మాత్రం నలుగురు అమ్మాయిలు వదలడం లేదు. కథలో వాళ్ళకి పేర్లు కూడా లేవు.

1974. అమెరికాలో టెనెసీ యూనివర్సిటీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి కొత్త కోచ్ వచ్చింది. వయసు 22. పీజీ చేసుకుంటూ అసిస్టెంటుగా ఉందామని వస్తే, ఉన్న కోచ్ సెలవు మీద వెళ్ళడంతో జట్టంతా ఈమె నెత్తిన పడింది. జీతం నెలకి 250 డాలర్లు. జట్టులో కొందరు ఆమెకంటే ఒక్క ఏడాదే చిన్న. సెలక్షన్ల రోజు వచ్చినవాళ్ళందర్నీ పరిగెత్తించింది. అయ్యాక మళ్ళీ పరిగెత్తించింది. నలుగురు అమ్మాయిలు కలిసి పరిగెడుతున్నారు. లైను దాకా వచ్చారు, ఆగలేదు. అదే ఊపులో తలుపులోంచి బయటికి, మెట్లెక్కి, వెళ్ళిపోయారు. మళ్ళీ కనిపించలేదు.

పాట్ దీన్ని నవ్వుతాలుగా చెప్పేది. మొదటిసారి నేనూ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు పుస్తకం గురించి కొంత చెప్పాలి.

2011లో, ఇంకా అరవై నిండకుండానే, ఆమెకి అల్జీమర్స్ అని తేలింది. ఆ ఆగస్టులో లోకానికి తనే చెప్పింది. ఇంకో సీజన్ సహాయకుల అండతో నడిపి, 2012 ఏప్రిల్‌లో కుర్చీ దిగింది. అప్పటికి 38 సీజన్లు. పుస్తకం 2013లో వచ్చింది. అంటే జ్ఞాపకం జారిపోతున్న మనిషి జ్ఞాపకాలు రాసుకుంది. ఒక్కతే కాదు, పాత్రికేయురాలు శాలీ జెంకిన్స్‌తో కలిసి. అందుకే ఇది మామూలు ఆత్మకథలాగా ఒకే గొంతుతో సాగదు. మధ్యమధ్యలో ఇద్దరి సంభాషణలు వస్తాయి. పాత ప్లేయర్లు వచ్చి మాట్లాడతారు. ఆమె మర్చిపోయినవి వాళ్ళు అందిస్తారు. ఇంట్లో పెద్దావిడ చుట్టూ చేరి, ‘నువ్వప్పుడు ఇలా అన్నావు కదా’ అని పిల్లలు గుర్తుచేస్తున్నట్టు ఉంటుంది. నాకు పుస్తకంలో బాగా నచ్చింది ఇదే. నాకు పేచీ కూడా ఇక్కడే.

(ఈ జెంకిన్సే అంతకుముందు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆత్మకథకి కూడా సహరచయిత్రి. ఆ సైకిల్ వీరుడి కథలో ఎంత దాచారో తర్వాత లోకానికంతా తెలిసింది. పాట్ అలాంటిదని నేననడం లేదు. క్రీడాకారుల ఆత్మకథ ఎవరు చెప్పినా, పక్కన నిలబడి కళ్ళు తుడుచుకునేవాళ్ళతో పాటు, గదిలో లేనివాళ్ళెవరని కూడా చూడాలని మాత్రం ఆ ఉదంతం నాకు నేర్పింది.)

పాట్‌ది టెనెసీ పల్లె. పొగాకు, గడ్డి కోతలు, పాల ఆవులు. ముగ్గురు అన్నల తర్వాత పుట్టింది. తండ్రి రిచర్డ్ హెడ్ ప్రేమని నోటితో చెప్పే మనిషి కాదు. పిల్లలెవరూ బడి మానడానికి వీల్లేదు, జ్వరమొచ్చినా సరే. పన్నెండో క్లాసు దాకా ఆమె ఒక్కరోజు కూడా బడి మానలేదు. అలాగని ఆయన గోడలాంటివాడేం కాదు. దగ్గర్లోని హైస్కూల్లో అమ్మాయిలకి జట్టు లేదని, జట్టున్న స్కూలు పరిధిలోకి వచ్చేలా ఇల్లే మార్చాడు. పొలం పనంతా అయ్యాక పిల్లలు గడ్డివాము అటకమీద బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళు. అన్నలు చెల్లెలని జాలి చూపేవాళ్ళు కాదు. తర్వాత ఆమె తన ప్లేయర్ల మీద ప్రయోగించిన చూపు ఒకటుంది. అమెరికాలో దాన్ని ఉత్త ‘చూపు’ అంటే చాలు, అందరికీ తెలుసు. అది ఆ తండ్రిది. పుస్తకంలో ఈ పేజీలు నిజంగా బావుంటాయి. కఠినత్వం వారసత్వంగా ఎలా దిగుతుందో ఆమె దాచకుండా చెప్తుంది.

ఆ రోజుల్లో అమ్మాయిల ఆటంటే యూనివర్సిటీలకి ఒక లెక్క కాదు. చదువులో, చదువుతో పాటు ఆటల్లో కూడా ఆడామగా తేడా చూపకూడదన్న ‘టైటిల్ నైన్’ చట్టం 1972లోనే వచ్చింది కానీ డబ్బు రాలేదు. వ్యాను నడిపింది ఆమే, జెర్సీలు ఉతికిందీ ఆమే. ఆ జెర్సీలు కొనడానికి అమ్మాయిలు డోనట్‌లు అమ్మారు. మ్యాచ్ ముందురోజు అవతలి కాలేజీ జిమ్‌లో నేలమీద పడుకున్నారు. మొదటి మ్యాచ్ మెర్సర్ మీద, 84-83. ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

దీనికంటే నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి. టెనెసీ హైస్కూళ్ళలో 1979 దాకా అమ్మాయిలకి వేరే బాస్కెట్‌బాల్ ఉండేది. జట్టుకి ఆరుగురు. ముగ్గురు ఒక సగంలో, ముగ్గురు రెండో సగంలో. మధ్య గీత దాటకూడదు. వెనక సగంలో ఉన్నవాళ్ళు స్కూలంతా చదివి బయటికొచ్చేదాకా మ్యాచ్‌లో ఒక్కసారి కూడా బుట్టకేసి బంతి విసరరు. ఎందుకయ్యా అంటే, అమ్మాయిలు కోర్టంతా పరిగెడితే అలిసిపోతారట. ఈ నిబంధన పోవాలని పాట్ గట్టిగా వాదించింది. అది తెలిశాక, సెలక్షన్ల రోజు అంత పరిగెత్తించడానికి నాకు వేరే అర్థం దొరికింది. మీరు అలిసిపోతారని కనికరించిన లోకంలో, అలిసిపోయేదాకా మీ చేత పరిగెత్తిస్తానంటోంది. అది కూడా ఒక రకం గౌరవమే.

ఇది నాకెందుకు తగిలిందో చెప్తాను. ఇంటర్లో నేనూ బాస్కెట్‌బాల్ ఆడేదాన్ని. ఆడేదాన్ని అంటే, వారానికి రెండు సాయంత్రాలు, సగం బోర్డు ఊడిపోయిన కోర్టులో. మా పీఈటీ మేడమ్ చాలా మంచివారు. ఒక్కరోజు కూడా గొంతు పెంచలేదు. ‘ఎండగా ఉందమ్మా, వెళ్ళి నీడన కూర్చోండి’ అనేవారు. సెకండియర్‌లో స్టడీ అవర్లు పెంచారు. నేను మానేశాను. మేడమ్ అడగలేదు. ఇంట్లో అసలే అడగలేదు. ఏడ్చి గోల చేయాల్సినంత పెద్ద నష్టమని నాక్కూడా అనిపించలేదు. పదిహేనేళ్ళ తర్వాత ఈ పుస్తకం చదువుతుంటే, వందో పేజీ దాటాక, అసూయ వేసింది. జెర్సీ పట్టుకుని లాగి, ఎక్కడికి పోతున్నావని అరిచేవాళ్ళు నాకూ ఒకరుంటే?

జెర్సీ పట్టుకోవడం ఊరికే అనలేదు. పాట్ ఫోటోల్లో బాగా పేరుపడినది అదే. మిషెల్ మార్సినియాక్ అనే ప్లేయర్ జెర్సీని గుప్పిట పట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి అరుస్తూ ఉంటుంది. ఈ మిషెల్‌ని తన జట్టులో చేర్చుకోవడానికే 1990లో నిండు గర్భిణిగా పాట్ విమానమెక్కి పెన్సిల్వేనియా వెళ్ళింది. వాళ్ళింట్లో మాట్లాడుతూండగానే నొప్పులు మొదలయ్యాయి. తిరుగు ప్రయాణంలో, వర్జీనియాలో దించేస్తామని పైలట్లంటే ససేమిరా అంది. ఆ ఏడాదే వర్జీనియా జట్టు చేతిలో టెనెసీ ఓడిపోయింది మరి. కొడుకు టైలర్ టెనెసీలోనే పుట్టాడు. ఇంతా చేస్తే మిషెల్ ముందు వేరే యూనివర్సిటీకి వెళ్ళింది. ఏడాదికి మనసు మార్చుకుని టెనెసీకి వచ్చింది, తిట్లు తింది, 1996లో టైటిల్ గెలిపించింది. ఇలాంటి కథలు చెప్పడంలో పుస్తకానికి తిరుగులేదు. నవ్వుకుంటూ పేజీ తిప్పేస్తాం.

మన సినిమాలతో పోల్చి చూడండి. ‘చక్ దే’ నుంచి ‘విజిల్’ దాకా అమ్మాయిల జట్టుకి కోచ్ మగాడే. ఆట గెలవాల్సింది కూడా చాలావరకు అతని మీదున్న మచ్చ చెరిపేయడానికో, అతని బాకీ తీర్చడానికో. పాట్ దగ్గర అలా కాదు. కోపం ఆడదానిది, ఆకలి ఆడదానిది, తప్పు కూడా ఆమెదే. ఆ మాటకొస్తే, మంచిదనిపించుకోవాలన్న ఆరాటం ఇంత తక్కువగా ఉన్న ఆడవాళ్ళ ఆత్మకథ నేను ఎక్కువ చదవలేదు.

అయితే నా పేచీ ఏమిటి? ఆమె గురించి అందరూ చెప్పే ఒక మాటుంది. ఆమె దగ్గర ఆడిన అమ్మాయిలందరూ, నూటికి నూరుమందీ డిగ్రీ పూర్తిచేశారని. గొప్ప విషయమే, మగవాళ్ళ జట్లు సిగ్గుపడాల్సిన విషయం. కానీ ఆ వాక్యంలో ఒక చిన్న షరతుంది. టెనెసీలో తమ ఆటకాలం పూర్తిగా ఆడినవాళ్ళలో, అని. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు ఆ నూరులో లేరు. పుస్తకంలో మాట్లాడే గొంతులు కూడా దాదాపు అన్నీ ఉండిపోయినవాళ్ళవే. పార్టీకి వెళ్ళొచ్చినందుకు కోర్టు నాలుగు మూలలా చెత్తడబ్బాలు పెట్టి, వాంతయ్యేదాకా పరిగెత్తించిన కథ ఆమె గురించి అందరూ చెప్పుకునేదే. అది మనకి ఎప్పుడూ డిగ్రీ, టైటిల్, పెళ్ళి ఫోటోల్లో కోచ్, అన్నీ ఉన్న మనిషి నోటినుంచే వినిపిస్తుంది. ‘అప్పుడు అసహ్యించుకున్నాను, ఇప్పుడు అర్థమైంది’ అనే ధోరణిలో. నిలబడినవాళ్ళ సాక్ష్యం అబద్ధం కాదు. కానీ అది సగం కోర్టు.

శమీక్ హోల్డ్‌స్‌క్లా విషయం చూడండి. 1996, 97, 98, మూడేళ్ళూ టైటిల్ గెలిచిన జట్టుకి ప్రాణం ఆమె. మూడో ఏడాదైతే 39 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి కూడా ఓడలేదు. న్యూయార్క్‌లో అమ్మమ్మ పెంపకంలో పెరిగిన పిల్ల. తర్వాత తన డిప్రెషన్ గురించి ఆమే బాహాటంగా మాట్లాడింది, రాసింది. దానికీ కోచింగ్‌కీ ముడిపెట్టడం అన్యాయం, నేను పెట్టను. పాట్‌ని ఆమె జీవితాంతం ప్రేమించింది కూడా. నేననేదల్లా ఒకటే. గట్టిగా ఉండటం నేర్పిన చోట, గట్టిగా ఉండలేకపోతున్నానని చెప్పడం ఎవరు నేర్పుతారు? ఈ ప్రశ్న అడగడానికి పాట్ కంటే తగిన మనిషి లేదు. ఎందుకంటే చివరి సీజన్‌లో ఆమే ఆ స్థితిలో ఉంది. సైడ్‌లైన్ దగ్గర సహాయకులు టైమవుట్లు చూసుకుంటుంటే, తను కూర్చుని చూస్తోంది. తన జీవితంలో మొదటిసారి ఇతరుల మీద ఆనుకుంది. పుస్తకం ఆ గుమ్మం దాకా వస్తుంది. ‘అల్జీమర్స్‌ని కూడా మ్యాచ్‌లాగా ఎదుర్కొందాం’ అన్న ధోరణిలో పడి వెనక్కి తిరుగుతుంది. తండ్రి చూపు అక్కడ కూడా ఆమెని వదల్లేదేమో.

ఇంకో చిన్న సంగతి. ఇంట్లో ఆమెని ట్రిష్ అనేవాళ్ళు. కాలేజీకి వెళ్ళిన కొత్తల్లో ఎవరో పాట్ అని పిలిచారు. కాదని సరిదిద్దడానికి సిగ్గేసి ఊరుకుంది. అలా పాట్ అయిపోయింది. అంత సిగ్గరి పిల్ల, నాలుగేళ్ళకే నలుగురు పారిపోయేంత కోచ్ ఎలా అయిందో, ఆ నాలుగేళ్ళ గురించి ఇంకో యాభై పేజీలు రాసినా చదివేదాన్ని.

2016 జూన్‌లో, 64 ఏళ్ళకి, ఆమె పోయింది. ఇక అడగడానికి లేదు. కానీ పుస్తకం రాస్తున్నప్పుడు జెంకిన్స్ అంతమంది ప్లేయర్లతో మాట్లాడింది కదా, ఆ నలుగురిలో ఒక్కరినైనా పట్టుకోవాల్సింది. వాళ్ళకిప్పుడు డెబ్బై దరిదాపుల్లో ఉంటుంది. మనవరాళ్ళు ఉండి ఉంటారు, వాళ్ళలో ఎవరో ఒకరు బాస్కెట్‌బాల్ ఆడుతూ ఉండొచ్చు. ఆ రోజు మెట్లెక్కి బయటికొచ్చాక నలుగురూ నవ్వుకున్నారా, ఏడ్చారా, ఎవరైనా ఒకరు ఆగి వెనక్కి చూశారా అని అడగాల్సింది.