వేసవి కాలువలో ఇనప పడవ

33 డిగ్రీలంటే మన వైపు ఎవరూ ఎండ కిందే లెక్కగట్టరు. ఇంగ్లండు కాలువలో నారోబోటు ఎక్కితే మాత్రం గట్టాల్సిందే. చలిని తట్టుకోవడానికి పుట్టిన పడవ అది. వెడల్పు ఏడడుగుల లోపు, పైకప్పు 4 మిల్లీమీటర్ల స్టీలు, గోడల లోపల ఫోము, ఓ మూల బొగ్గుల పొయ్యి. జనవరిలో కాపాడే ఈ ఏర్పాట్లన్నీ జులైలో పగబడతాయి. రాత్రి పదింటికి కూడా లోపల పడుకోవడమంటే మే నెలలో రేకుల షెడ్డులో పడుకున్నట్టే.

గత జులైలో మా అమ్మాయీ అల్లుడూ మిల్టన్ కీన్స్ దగ్గర అలాంటి పడవ ఒకటి అద్దెకు తీసుకున్నారు. గ్రాండ్ యూనియన్ కాలువలో ఉత్తరానికి, బ్లిస్‌వర్త్ సొరంగం దాకా మా ప్రయాణం. చుక్కాని పట్టినవాడు వెనక నిలబడాలి, నెత్తిన నీడుండదు. గంటకు 4 మైళ్లు దాటకూడదు కాబట్టి ఎదురుగాలీ తగలదు. పదకొండయ్యేసరికి పైకప్పు మీద చెయ్యి పెట్టలేకపోయాం. అల్లుడు బకెట్టుతో కాలువ నీళ్లు తోడి గుమ్మరించాడు. ఇట్టే ఆరిపోయాయి. పాత దుప్పటి తడిపి పరిచాక కాస్త నయమనిపించింది.

నేను కోనసీమవాణ్ణి. మా దగ్గర దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. పూడిక తీయాలన్నా, లాకుల తలుపులు బాగుచేయాలన్నా అప్పుడే. రోహిణి కార్తెలో పడవ ప్రయాణమన్న ఊసే ఉండదు. ఇంగ్లండువాళ్లు మరమ్మతులు చలికాలంలో పెట్టుకుని వేసవిని పడవలకు వదులుతారు. రిజర్వాయర్లలో నీళ్లున్నంత కాలం బాగానే ఉంటుంది. 2022 జులై 19న కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది, బ్రిటన్‌లో అంతకుముందెన్నడూ లేనంత. ఆ వేసవిలోనే లీడ్స్-లివర్‌పూల్ కాలువలో చాలా దూరం నీళ్లు చాలక మూసేశారు.

నీళ్లు తాగేవి లాకులు. గ్రాండ్ యూనియన్‌లో ఒక్క లాకు ఒకసారి నిండి ఖాళీ అయితే రెండు లక్షల లీటర్లకు పైగా దిగువకు పోతాయి. ఆ లాకు వెడల్పు 14 అడుగులు, రెండు పడవలు పక్కపక్కన పడతాయి. స్టోక్ బ్రూయర్న్‌లో వరసగా ఏడు లాకులు ఎక్కాలి. మొదటిదాని దగ్గర ఒక పెద్దావిడ తన పడవ ఆపుకుని చెట్టు నీడన కూర్చుంది, జతకోసం. మేం వెళ్లగానే లేచి లోపలికి పోనిచ్చింది. పైకి చేరాక ఎదురుగా ఇంకో పడవ కనిపిస్తే, ఆవిడ గేటు మూయనివ్వలేదు, మళ్లీ ఆగుదామంది.

"ఎండలో ఎంతసేపు నిలబడతాం మామయ్య గారూ?" అన్నాడు అల్లుడు. నిలబడ్డాం. తూము తిప్పే ఇనప హ్యాండిల్ తుండుగుడ్డ చుట్టుకుంటే గానీ పట్టుకోలేనంత కాలింది. గేటు దూలానికి నడుం ఆనించి, కాళ్లు తన్నిపెట్టి వెనక్కి నెట్టాలి. ఒంట్లో నీరంతా చెమటై కారింది. అయినా ఆవిడదే న్యాయం, ఎండలకాలంలో నీళ్లకంటే మన తొందర ఎక్కువేం కాదు.

ఆ తర్వాత సొరంగం. 1805లో తెరిచారు, పొడవు 2.8 కిలోమీటర్లు. లోపల గట్టు లేదు. ఇంజన్లు లేని రోజుల్లో మనుషులు పలకల మీద వెల్లకిలా పడుకుని గోడల్ని కాళ్లతో తన్నుతూ పడవ నడిపేవారట. గాలి గొట్టాల్లోంచి చన్నీళ్లు నెత్తిన పడుతుంటే చొక్కా తడిసి వణికాం. ఆ రోజంతటికీ అదే అసలైన ఏసీ.

ఇంగ్లండులో ఉన్న మనవాళ్లు జులై, ఆగస్టుల్లో పడవెక్కాలనుకుంటే ముందు ఏ లాకులు మూశారో చూసుకోండి. అద్దెకిచ్చేవాళ్లు చెప్పిన దూరంలో సగమే పెట్టుకోండి. పొద్దున్నే కదలండి, పదకొండుకల్లా చెట్టు కింద కట్టేయండి. లాకులో మీ పక్కన చోటుంటే మాత్రం, వెనక పడవ వచ్చేదాకా గేటు మూయకండి.