కుట్టు విప్పి మళ్ళీ కుట్టే పడవ

తక్కువ డబ్బుతో పాత పడవ ఒకటి కొని, బాగుచేసుకుని, సొంతంగా వేటకు వెళ్దామనుకునే కుర్రాడికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో ఇవాళ దొరికేది ఫైబర్ పడవే. బారువ, మంచినీళ్ళపేట, నువ్వలరేవు, భావనపాడు, ఏ ఊరి ఇసుకలో చూసినా అవే. కొత్తవి అలల అంచున ఉంటాయి. పగిలినవి సరుగుడు తోటల దగ్గర బోర్లా పడి ఉంటాయి. పగులు మీద ఫైబర్ చాప పరిచి, రెసిన్ పూసి, ఆరాక రుద్ది, రంగు వేస్తే ఇంకో రెండు మూడేళ్ళు నడుస్తుంది. ఆ అతుకుల పని తెలిసినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఫైబర్ రాకముందు ఇదే ఇసుక మీద ఇంకో పడవ ఉండేది. దానికి ఒక్క మేకు ఉండదు. పలకల అంచులకు వరసగా కన్నాలు వేసి, కొబ్బరితాడుతో ఒకదానికొకటి కుట్టేవారు. వాడగా వాడగా తాడు నలిగిపోతే కుట్టంతా విప్పి, పలకల్ని విడదీసి, ఆరబెట్టి, కొత్త తాడుతో మళ్ళీ కుట్టేవారు. నులక పాడైన మంచానికి నులక మార్చుకుంటాం గాని మంచం పారేయం కదా, అదే లెక్క. పాతది బాగుచేసుకోవడం ఈ పడవకు అదనంగా వచ్చిన పని కాదు. దాని తయారీలోనే ఆ ఏర్పాటు ఉంది. మన తీరం పోగొట్టుకుంటున్న విద్యల్లో దీన్ని నేను మొదటి వరసలో పెడతాను.

ఇంగ్లీషువాళ్ళ రాతల్లో దీని పేరు మసూలా పడవ. మన జాలర్లకు మాత్రం ఉత్త పడవే. తెప్ప వేరు. అది దుంగల్ని పక్కపక్కన చేర్చి కట్టేది, ఒకరిద్దరు వేసుకుపోయేది. పడవ పెద్దది, పదిమంది పని. పెద్ద వలను పడవలో వేసుకుని ఒక కొసను ఒడ్డున మనుషులకు వదిలి, సముద్రంలో అర్ధచంద్రంలా తిరుగుతూ వల జారవిడిచి, రెండో కొసను ఇంకోచోట ఒడ్డుకు చేర్చాలి. తర్వాత ఊరంతా రెండు పక్కలా నిలబడి లాగాలి. ఒడిశా నుంచి తమిళనాడు దాకా ఈ రకం పడవే తూర్పు తీరాన్ని పోషించింది. మద్రాసుకు హార్బరు కట్టకముందు ఓడలు దూరంగా లంగరు వేసేవి. మనుషుల్నీ సరుకునీ అలల మీదుగా ఒడ్డుకు దించింది ఇవే పడవలు.

ఇంతకీ మేకు కొట్టుకోక కుట్టడం దేనికి? ఇనుము కొనలేక అని కొందరంటారు. ఓడ అడుగున ఇనుము వాడితే సముద్రంలో ఉన్న అయస్కాంత శిలలు లాగేస్తాయని భోజుడి పేరుతో ఉన్న 'యుక్తికల్పతరువు' చెబుతుంది. అసలు కారణం మన ఒడ్డునే కనిపిస్తుంది. ఇక్కడ అలలకు చాటైన రేవు లేదు. తెరిచి ఉన్న ఇసుక ఒడ్డు మీద అల విరిగి పడుతుంది. లోపలికి వెళ్ళాలన్నా, చేపతో తిరిగి రావాలన్నా ఆ విరిగే అలను దాటాల్సిందే. మేకులతో బిగించిన పడవను అల ఎత్తి ఇసుక మీద కొడితే ఆ దెబ్బంతా మేకు దిగినచోట పడుతుంది. చెక్క చీలుతుంది, లేదా మేకు ఊడుతుంది. కుట్టిన పడవ ఆ దెబ్బకు వంగుతుంది. లోపల పక్కటెముకల్లాంటి చట్రం ఉండదు కాబట్టి పలకలు కుట్టు దగ్గర రవ్వంత కదిలి, దెబ్బను ఒళ్ళంతా పంచుకుని, మళ్ళీ తమ చోటికి వస్తాయి. అడుగు చదునుగా ఉండటంవల్ల ఇసుక మీదికి వచ్చాక పక్కకు ఒరగదు, మోకాళ్ళలోతు నీటిలోనూ తేలుతుంది. పైగా ఉప్పునీటిలో మేకు తుప్పు పట్టి చుట్టూ ఉన్న చెక్కను కూడా కుళ్ళబెడుతుంది. కొబ్బరి పీచుకు ఉప్పునీటిని ఓర్చే గుణం ఉంది.

కుట్టే పని ఇద్దరిది. ఒకరు లోపల, ఒకరు బయట కూర్చుంటారు. రెండు పలకల్ని అంచుకు అంచు ఆనించి, సందు పొడుగునా ఎండుగడ్డి గాని కొబ్బరి పీచు గాని లావుపాటి పేటలా పరుస్తారు. తాడు ఆ పేట మీదుగా పోయి, కన్నంలోంచి అవతలికి దూరి, పక్క పలక కన్నంలోంచి తిరిగి రావాలి. లోపలివాడు తాడు అందించగానే బయటివాడు దాన్ని కర్రకు చుట్టి, కాలు పలకకు తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగుతాడు. పేట అణిగి, సందులోకి కూరుకుపోయి, తాడు బిగిసి మోగేదాకా లాగాలి. ఆ బిగువు సడలకుండా కన్నంలో చిన్న చెక్క చీల దూర్చి, తర్వాతి కుట్టుకు జరుగుతారు. ఒక్క కుట్టు వదులైతే దాని పక్క రెండింటి మీదా బరువు పడుతుంది. అందుకే పని నేర్చుకునేవాడికి ముందు తాడు లాగడం అప్పగిస్తారు, కన్నాలు వేయడం చాలాకాలం ఇవ్వరు. కన్నం అంచుకు మరీ దగ్గరైతే చెక్క చిట్లుతుంది, దూరమైతే సందు మూసుకోదు. నీటిలోకి దించాక పలకా పీచూ రెండూ ఉబ్బి సందును మూసేస్తాయి. అయినా కొంచెం నీరు వస్తూనే ఉంటుంది. దాన్ని తోడిపోయడానికి ఒక మనిషి ఎప్పుడూ ఉంటాడు. అది లోపం అనుకున్నవాళ్ళు లేరు.

ఇలాంటి పాత పడవ ఎక్కడైనా దొరికితే, కొనేటప్పుడు ఏం చూడాలో ఈ పద్ధతే చెబుతుంది. కుట్టు చూసి బేరం ఆడకూడదు. తాడు నల్లబడి, పీచు రాలిపోతూ ఉంటే ధర తగ్గించి అడగడానికి పనికొస్తుంది, అంతే. చూడాల్సింది పలకను. వేలి కణుపుతో కొడితే గట్టిగా పలకాలి. బోలుగా పలికితే లోపల పురుగు తిందని అర్థం. అడుగు పలకల్లో చాకుమొన గుచ్చి చూడాలి, మెత్తగా దిగితే ఆ పలక మార్చాలి. తర్వాత కన్నాల వరస. కన్నానికీ కన్నానికీ మధ్య సన్నటి గీతలా చీలిక కనిపిస్తే ఆ అంచంతా చెక్కేసి, కాస్త లోపలికి కొత్త కన్నాలు వేయాలి. పడవ ఆ మేరకు సన్నబడుతుంది గాని బతుకుతుంది. అడుగు బాగుండి పక్క పలకలు పోయిన పడవ కొనవచ్చు. అడుగే పోయినదాన్ని కట్టెల ధరకు కూడా తీసుకోవద్దంటాను. రెండు పాత పడవల మంచి పలకలు కలిపి ఒక పడవ చేయడం కూడా ఈ పద్ధతిలో కుదురుతుంది. మేకు పడవలో అది పెద్ద యాతన.

ఈ పడవకు వాడేది ఎక్కువగా మామిడి చెక్క. టేకులా ఏళ్ళతరబడి నిలవదు. కాని తేలిక, చవక, వంచితే వంగుతుంది, ఊళ్ళోనే దొరుకుతుంది. ఉద్దానానికి ఇంకేం కావాలి? కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలున్నాయి. పడవకు చెక్క తోటలోంచి, తాడు కొబ్బరి డొక్కలోంచి, బలం ఇంటి మనుషుల్లోంచి వచ్చేది. బయటినుంచి కొనాల్సింది దాదాపు ఏమీ ఉండేది కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాసకు దగ్గర్లో తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటల్నే నేలకూల్చింది. ఒక్క రాత్రిలో పడిపోయిన కొబ్బరి చెట్టు స్థానంలో ఇంకోటి కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ దెబ్బ రైతుకే అనుకుంటాం. పీచు మీద బతికే పనులన్నిటికీ తగిలింది.

కుట్టు పడవ వెనకబడింది మాత్రం అంతకు చాలా ముందే. మత్స్యకారుల కోసం 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం కార్యక్రమం, ఇసుక ఒడ్డుకు తగిన కొత్త రకం పడవల కోసం ఆంధ్ర తీరంలో కూడా ప్రయోగాలు చేసింది. ఆ తర్వాత ఫైబర్, మోటారు కలిసి వచ్చాయి. మోటారుంటే దూరం పోవచ్చు, నలుగురితో పని అవుతుంది. ముందూ వెనకా మొనదేలిన కుట్టు పడవకు మోటారు బిగించే చోటు లేదు, ఇంజను అదురుకు కుట్టు నిలవదు. జాలరి ఫైబర్ ఎంచుకోవడం తప్పని నేననను. తెడ్డు వేసి రెక్కలు విరుచుకున్నవాడికి మోటారు విలువ తెలుసు. కాని ఫైబర్ పడవకు రెసిన్ నుంచి ఇంజను దాకా అన్నీ కొనాల్సినవే. పూర్తిగా పాడయ్యాక అది పొయ్యిలోకి పనికిరాదు, మట్టిలో కలవదు. అప్పు తీరకముందే పడవ పోయినవాళ్ళు గుజరాత్ వెరావల్ వెళ్ళి కూలికి బోట్లు ఎక్కారు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో తిరిగి వచ్చిన మన జాలర్ల కథ 'తండేల్' సినిమా చూసినవారికి తెలుసు. సొంత ఒడ్డున సొంత పడవ ఉండటం ఎంత విలువైనదో వాళ్ళ ఇళ్ళలో అడగాలి.

బయట ప్రపంచం ఈ విద్యను వెతుక్కుంటోంది. 1980లో సాహస యాత్రికుడు టిమ్ సెవరిన్ ఒమన్‌లో 'సోహార్' అనే కుట్టు ఓడ కట్టించి, మరుసటి ఏడాదికి చైనా దాకా నడిపాడు. దాన్ని కుట్టడానికి లక్షద్వీప్ నుంచి మనుషుల్ని పిలిపించుకున్నాడు. మన నౌకాదళం అజంతా గుహలోని అయిదో శతాబ్దపు చిత్రాన్ని ఆధారం చేసుకుని గోవాలో కుట్టు ఓడ కట్టించింది. కేరళ వడ్రంగి బాబు శంకరన్ ఆ పని నడిపించాడు. 'కౌండిన్య' పేరుతో అది 2025 మే 21న కార్వార్‌లో నౌకాదళంలో చేరింది, డిసెంబరు 29న పోరుబందరు నుంచి మస్కట్‌కు బయలుదేరింది. ఆ వార్త చదివి మనమూ సంతోషించాం. అదే కుట్టు మన తాతలదీ అని ఎంతమందికి తట్టింది?

ఆ తాతలు ఇప్పటి జిల్లా హద్దుల్లోనే లేరు. 1936 దాకా ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ప్రాంతాలు ఇప్పుడు ఒడిశాలో ఉన్న గంజాం జిల్లాలోనివి. ఒడిశాలోని గోపాల్‌పూర్, పూరీ తీరాల్లో నోలియాలని పిలిచే జాలర్లు తెలుగు మాట్లాడేవాళ్ళే. అక్కడ కూడా ఈ పడవనూ తెప్పనూ నడిపింది వాళ్ళే. కుట్టు తెలిసిన చేతులు అటూ ఇటూ ఎక్కడున్నా ఆ చేతుల వయసు ఎక్కువే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు పడవలకు వేట నిషేధం. ఒడ్డున చేతులు ఖాళీగా ఉండే కాలం అది. పలాస, టెక్కలి కాలేజీల పిల్లలకూ సెలవులే. మత్స్యశాఖ, కాలేజీలు, ఊరి పెద్దలు కలిసి ఒక్క వేసవిలో ఒక్క పాత పడవను, అది దొరక్కపోతే నాలుగు మామిడి పలకల్ని, భావనపాడులోనో బారువలోనో కుట్టించాలి. కుట్టు తెలిసిన పెద్దాయనకు రోజుకూలి కాదు, గురువుకిచ్చే గౌరవం ఇచ్చి, పక్కన ఇద్దరు కుర్రాళ్ళను కూర్చోబెట్టి తాడు లాగించాలి. ప్రతి ముడినీ వీడియో తీసి దాచాలి. మీ ఊళ్ళో అలాంటి తాత ఉంటే వచ్చే ఏప్రిల్ దాకా ఆగకండి. ఈ ఆదివారమే వెళ్ళి కలవండి.