కోళ్ల గూటి ఎరువు

కోళ్ల గూట్లో పరిచిన ఊకతో, రెట్టతో ఇంటి దగ్గరే ఎరువు చేసుకునేవాళ్ల నేర్పంటే నాకెంతో గౌరవం. పచ్చి రెట్ట నేరుగా వేస్తే ఆ ఘాటుకు మొక్క వేళ్లు మాడిపోతాయి. అందుకే గూడు ఊడ్చిన ఊకకు ఎండుటాకులు, తరిగిన గడ్డి కలిపి పెరట్లో నీడపట్టున నడుమెత్తు కుప్ప పోస్తారు. రెట్టలోని నత్రజనికి ఆ ఎండు సరుకులోని కార్బన్ జతపడాలి. గుప్పెడు తీసి పిండితే చేతికి తడి తగలాలి, నీరు కారకూడదు. అమోనియా వాసన ముక్కుకు తగిలితే ఇంకాస్త ఎండుటాకు వేస్తారు. పాళ్లు కుదిరితే కొద్ది రోజుల్లోనే కుప్ప నడుమ వేడి 55 డిగ్రీలు దాటుతుంది. రోగక్రిములు, కలుపు గింజలు చస్తాయి. అంచుల్లోది లోపలికి పోయేలా పారతో తిరగేస్తూ, వేడి చల్లారాక నెలల తరబడి మాగనిస్తారు. చివరికి నల్లగా, పొడిపొడిగా, తొలకరికి తడిసిన నేల వాసనతో ఎరువు తయారవుతుంది. త్వరగా కుళ్లని ఊక అందులో అక్కడక్కడా మిగిలి మట్టిని గుల్లబరుస్తుంది. వంగ, బెండ, తోటకూర మళ్లకు అది మంచి బలం. గూడు శుభ్రం, కోడికి ఆరోగ్యం, మొక్కకు తిండి, అన్నీ ఒకే పనితో దక్కుతాయి. పెరట్లో నాలుగు కోళ్లున్న ప్రతి ఇల్లూ ఈ పని నేర్చుకోవాలి.