తియ్యటి నీళ్లు, నెత్తుటి లెక్క

మా అక్కావాళ్ల బావి నీళ్లు కొబ్బరినీళ్లలా ఉంటాయని ఊళ్లో పేరు. బావకు ఇంట్లోనే డయాలసిస్ పెట్టుకుందామనుకున్నప్పుడు, "బంగారం లాంటి బావుంది, మీకు నీళ్లకేం కొదవ?" అన్నారు చుట్టాలంతా. కొదవ లేని మాట నిజమే. కానీ ఆ మిషన్‌కి రుచితో పనిలేదు.

మనం రోజుకు రెండు మూడు లీటర్లు తాగుతాం. అందులో ఉన్నదంతా పేగులు ఒంట్లోకి రానివ్వవు, వచ్చినదాన్ని కిడ్నీలు చాలావరకు బయటికి తోస్తాయి. అదే హీమోడయాలసిస్‌లో నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రావణం చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్లు పారుతుంది. దానికీ రక్తానికీ మధ్య అడ్డం ఒక సన్నటి పొర. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. డయాలసిస్ నీళ్లలో 0.2 దాటకూడదు. యూరియా చల్లే పొలాల మధ్య బావైతే నైట్రేట్ భయం కూడా ఉంటుంది. అమెరికాలో బావి నీళ్లతో ఇంట్లో డయాలసిస్ చేసుకున్న రోగికి, నైట్రేట్ వల్ల రక్తం ఆక్సిజన్ మోయలేకపోయిన సంగతి 1970లోనే వైద్య పత్రికకెక్కింది.

ఇంకో తిరకాసు. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు. తాగే నీళ్లకది మంచి ఉపాయమే. డయాలసిస్ దగ్గరికొస్తే పటికలోని అల్యూమినియమే శత్రువు. 1970లలో అది మెదడుకెక్కి ఎందరో రోగులకు మాట పడిపోయింది, మతి పోయింది.

ఇప్పుడు అక్కావాళ్ల వెనక వరండాలో ఇసుక ఫిల్టరు, సాఫ్ట్‌నర్, రెండు బొగ్గు ట్యాంకులు, చివర ఆర్వో వరసగా ఉన్నాయి. పక్కన ఉప్పు బస్తా. ఉప్పు అయిపోతే సాఫ్ట్‌నర్ పనిచేయదు, ఆర్వో పొరకు సున్నం పడుతుంది. పదో తరగతితో చదువాపేసిన అక్క, సూది గుచ్చేముందు ప్రతిసారీ బొగ్గు ట్యాంకు దాటిన నీళ్లు చిన్న గాజు గొట్టంలో పట్టి, పొడి కలిపి, కిటికీ వెలుగులో పెట్టి చూస్తుంది. గులాబీ రంగు తేలితే క్లోరిన్ ఉన్నట్టు. అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. రంగు కనబడితే ఆ పూట మిషన్ ఎక్కించదు.

"బావి నీళ్లలో క్లోరినెక్కడిదే?" అని బావ విసుక్కుంటాడు.

"పంచాయతీవాళ్లు బ్లీచింగ్ ఎప్పుడేస్తారో నాకు చెప్పి వేస్తారా?" అంటుంది.

నాకు తెలిసిన ఇంజనీర్లలో కూడా ఇంత నిష్ఠగలవాళ్లు తక్కువ.

వంటింటి ఆర్వో చాలదా అని చాలామంది అడుగుతున్నారు. చాలదు. మిషన్‌కి గంటకు ముప్పై లీటర్లు కావాలి, అది అంత ఇవ్వలేదు. పైగా రుచి కోసం వాటిల్లో చాలావరకు తీసేసిన లవణాలను కొంత మళ్లీ కలుపుతాయి.

బావి నీళ్లు అసలు పనికిరావనను. వానలకు ముందూ తర్వాతా ల్యాబుకు పంపండి, సూక్ష్మజీవుల పరీక్ష నెలనెలా చేయించండి. అంత ఓపిక లేని ఇంటికి పొట్ట ద్వారా చేసే డయాలసిస్ ఉంది. దానికి ద్రావణం సంచుల్లో తయారై వస్తుంది. ఏ సంగతీ డాక్టరుతో మాట్లాడే తేల్చుకోండి. నీళ్ల రిపోర్టు చేతికి రాకుండా మాత్రం మిషన్‌కు అడ్వాన్సు కట్టకండి.