నీడలు కొలిచే సీమ

తెలంగాణ పడమటి అంచు నేలా, నారాయణపేట సీమా! నీకు దండం పెట్టాలంటే ముందు నీ ఎండకు పెట్టాలి.

కర్కాటక, మకర రేఖల నడుమనున్న ప్రతి ఊరి మీదికీ ఏడాదిలో రెండుసార్లు పొద్దు నిట్టనిలువుగా నడినెత్తికి వస్తుంది. నీ మీదికి మే మొదటి వారంలో ఒకసారి, బావులు అడుగంటే రోజుల్లో వస్తుంది. మిరుగు వెళ్లి, వాన పడి, కంది చేను పచ్చబడ్డాక ఆగస్టు మొదటి వారంలో మళ్లీ వస్తుంది. ఆ రెండు మిట్టమధ్యాహ్నాలూ మబ్బు లేకుంటే చెట్టు నీడ చెట్టు మొదట్లోనే ముడుచుకుంటుంది, నిలబడ్డ మనిషి నీడ అతని పాదాల కిందికే చేరుతుంది. చాలా ఊళ్లు ఈ సంగతి ఎన్నడూ తలెత్తి చూడలేదు. నీ గడ్డ మీద మాత్రం వేల ఏళ్ల కిందటే నీడలను కొలిచినవాళ్లు ఉన్నారు. వాళ్లు నిలబెట్టిన రాళ్ల దగ్గరికి చివర్లో పోదాం. ఎండను ఎరగనివాడికి ఆ రాళ్లు ఉత్త రాళ్లే. ముందు నడవాలి.

నీ దగ్గరికి వచ్చే దారి మహబూబ్‌నగర్ మీదుగా. ఊరు దాటగానే పిల్లలమర్రికి మొక్కాలి. ఏడు వందల ఏళ్ల చెట్టని పెద్దల మాట. మూడు నాలుగు ఎకరాల మేర ఊడలు దిగి, ఏది మొదలో ఏది కొమ్మో తెలియకుండా అల్లుకుపోయిన మర్రి. చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే 2018లో దానికి కొమ్మకొక సీసా వేలాడదీసి, ఆస్పత్రిలో మనిషికి ఎక్కించినట్టే చుక్క చుక్కగా మందు ఎక్కించారు. చెట్టును కూడా ఇంటి పెద్దలాగా చూసుకునే నేల నీది. అక్కడినుంచి దేవరకద్ర, మరికల్. గుట్టల మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గుండ్లు, వాటి వయసు ముందు మన చరిత్ర మొత్తం ఒక్క పూట. వాటి సందుల్లో తంగేడు, ఈత, సీతాఫలం. మాఘం చివర వస్తే మోదుగు ఒక్క ఆకు లేకుండా ఎర్రగా విరగబూసి ఉంటుంది.

నారాయణపేటా! 2019 ఫిబ్రవరి 17న జిల్లా కేంద్రానివయ్యావు. కానీ నీ పేరు అంతకు చాలా ముందే ఆడవాళ్ల పెట్టెల్లో చేరింది. బోర్డు మీద పేరు రాయించుకున్న ఊళ్లు చాలా ఉన్నాయి. చీర మడతలో పేరు దాచుకున్న ఊళ్లు కొన్నే.

నీ చీరలో ఆర్భాటం లేదు. కంటికి ఆనీ ఆనని చిన్న గళ్లు, ముదురు ఎరుపో చాక్లెట్ రంగో పరిచిన అంచు, ఆ అంచు మీద వరసగా గుడి గోపురాలు. నూలైనా పట్టైనా చెయ్యి వేస్తే నేత తెలుస్తుంది. ఆసు పోసి, గంజి పెట్టి, మగ్గం మీదికి పడుగు ఒక్కసారి ఎక్కిస్తే ఎనిమిది చీరలు వరసగా దిగుతాయి. ఎనిమిదింటికీ ఒకే పడుగు, ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్లు. మధ్యాహ్నం సందుల్లో నడుస్తుంటే అరుగు లోపలినుంచి నాడె అటూ ఇటూ ఉరికే చప్పుడు వినిపిస్తుంది. ఒకింట్లో ఆగితే పక్కింట్లో మొదలవుతుంది. కండెలు చుట్టేది ఇంటి ఆడవాళ్లు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి తలెత్తకుండానే పలకరిస్తాడు: యాడికెళ్లి వచ్చిండ్రు? ఆ పలకరింపుకు జవాబు చెప్పి అరుగు మీద కూర్చోగలిగితే, ఈ యాత్రలో సగం అయినట్టే.

1630లో శివాజీ దండు ఇటుగా సాగిందని, వెంట వచ్చిన నేతగాళ్లలో కొందరు ఇక్కడే ఆగిపోయారని ఊళ్లో ఒక కథ. శివాజీ పుట్టిందే 1630లో. ఉయ్యాలలోని బిడ్డ దండు నడపడు గదా! తేదీ పొసగదు. అయినా కథను పారేయబుద్ధి కాదు. నీ చీర అంచులో, గళ్లలో మరాఠీ ఛాయ ఉన్నమాట నిజం, ఆ ఛాయను వివరించడానికి ఊరు తనకు తెలిసిన పెద్ద పేరు వాడుకుంది. లోకాయపల్లి సంస్థానం నీడలో ఆ నేత నిలదొక్కుకుంది. 2012లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు మంచిదే. కానీ మిల్లు చీర మీద కూడా నీ పేరు చెప్పి అమ్మే దుకాణాలు నగరాల్లో ఉన్నంతకాలం ఆ కాగితం మగ్గానికి పూర్తి కాపలా కాలేదు.

నీ బజారు సంగతి వేరుగా చెప్పాలి. కూరగాయల బేరం తెలుగులో మొదలై, కన్నడంలో ముదిరి, ఉర్దూలో తెగుతుంది. ఇంటికి పోయి చేసిన బేరం గురించి మరాఠీలో చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఎవరూ ఎవరి మాటా ప్రత్యేకంగా నేర్చుకోలేదు. గల్లీలో పెరిగారు, వచ్చేసింది. సరిహద్దులను పటం మీద గీసినవాళ్లు ఒక్క ఉదయం నీ బజారులో నిలబడి ఉంటే గీత గీయడానికి చెయ్యి ఆడేది కాదు. ఒక చోద్యం చూడు. నీ ఊరికి రైలు లేదు. నీ పేరున్న నారాయణపేట రోడ్డు స్టేషను మాత్రం కర్ణాటకలో, సైదాపురంలో ఉంది. పేరు ఒక రాష్ట్రానిది, పట్టాలు ఇంకో రాష్ట్రానివి!

నీ ఊళ్లో పూడిపోయిన బారం బావిని ఈ మధ్య మళ్లీ బాగు చేశారు. మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకూ గాలి చల్లబడుతుంది. నీళ్లు అరుదైన చోట బావిని గుడి అంత శ్రద్ధగా కట్టేవాళ్లు. మేస్త్రీల పేర్లు ఎక్కడా లేవు.

ఊరు దాటి మక్తల్ వైపు సాగితే నేల రంగు మారుతుంది. ఎర్ర చెల్కలు పోయి నల్లరేగడి వస్తుంది. కంది, పత్తి, జొన్న. జొన్నరొట్టె మీద పుంటికూర పెట్టి, పచ్చి ఉల్లిగడ్డ నంజుకుని తింటే గాని ఈ నేల నాలుకకు తెలియదు. మాగనూరు, కృష్ణ మండలాల్లో పొద్దున్నే చేను గట్ల వెంట చూపు సారించు. గడ్డిలోంచి ముందు కొమ్ములు లేస్తాయి, మెలి తిరిగినవి. తర్వాత తల, తర్వాత నల్లని వీపు, కింద తెల్లని పొట్ట. కృష్ణజింక! ఒకటి గెంతితే మంద మొత్తం గెంతుతుంది, కాళ్లకు నేల అంటనట్టే ఉంటుంది. ఇక్కడ కంచె లేదు, టికెట్టు లేదు, జీపు లేదు. అడవి కూడా లేదు, చేన్లే వాటి ఆవరణ.

ఆ అందానికి ఖర్చు పెట్టుకునేది రైతు. మొలకెత్తిన పత్తి, లేత కంది రాత్రికి రాత్రే మేసి పోతాయి. చట్టం వాటిని గట్టిగా కాపాడుతుంది, కాపాడాల్సిందే. రైతు పొలంలో నిద్ర మానుకుని డబ్బా కొట్టి తోలుతాడు గాని చెయ్యి చేసుకోడు. ఫొటో తీసుకుని మురిసిపోయే మనం, ఆ జింక కడుపులో ఉన్నది ఒకరింటి పెట్టుబడి అని మరవకూడదు. జింకలున్న చోట రైతుకు పరిహారం వెంటనే అందాలి. దీన్ని దయ అనుకోవద్దు, బాకీ అనుకోవాలి.

ఇక ఏరు.

తంగిడీ! నీ ఒడ్డున నిలబడి రెండు చేతులూ ఎత్తాలనిపిస్తుంది. కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టింది, భీమ భీమశంకరంలో పుట్టింది. ఇద్దరిదీ సహ్యాద్రే పుట్టిల్లు. చెరో దారి పట్టి మహారాష్ట్ర, కర్ణాటకలు తిరిగి తిరిగి, 861 కిలోమీటర్లు నడిచిన భీమ ఇక్కడ కృష్ణను కలుస్తుంది. తెలంగాణలో కృష్ణకు మొదటి రేవు నువ్వే. ఎండాకాలం వస్తే రెండు పాయల మధ్య బండలు బయటపడి పుట్టి మీద పోయేవాడు బండలను తప్పించుకుంటూ తెడ్డు వేస్తాడు. పైన వానలు కొట్టి ఆల్మట్టి, నారాయణపూర్ గేట్లు ఎత్తిన శ్రావణంలో వస్తే ఒడ్డే ఉండదు.

కిందికి పోతే పంచదేవ్ పహాడ్. అక్కడినుంచి కురువపురం లంకకు నీళ్ల మీదుగానే పోవాలి. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన చోటని దత్త భక్తులు మహారాష్ట్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి వస్తారు. లంక కర్ణాటకది, రేవు తెలంగాణది, స్వామి పుట్టింది ఆంధ్రలో. పుట్టి ఎక్కేటప్పుడు ఇది ఎవరికీ గుర్తుండదు.

ఏటి ఒడ్డున నిలబడి నీకు స్తోత్రం చెబుతున్నప్పుడు ఒక మాట గొంతుకు అడ్డం పడుతుంది. ఇంత నీరు నీ కాళ్ల దగ్గర పారుతుంటే నీ బిడ్డలు పాలమూరు లేబర్ అనే పేరుతో దేశమంతా తిరిగారు. ఎవరెవరి ఊళ్లలోనో ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు, రోడ్లు వేశారు. ముసలివాళ్లను, తాళం వేసిన తలుపులను ఊళ్లో వదిలి పోయారు. జూరాల వచ్చింది, భీమా ఎత్తిపోతలు వచ్చింది, సంగంబండ నిండింది. నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతలకు 2024 ఫిబ్రవరిలో కోస్గిలో శంకుస్థాపన జరిగింది. నీళ్లు గట్టెక్కడం కొద్దికొద్దిగా మొదలైంది. వలస బస్సుల కూతలు ఇంకా పూర్తిగా ఆగలేదు. నీ అందాన్ని పొగిడే ఏ రాతైనా ఈ సంగతి దాటేస్తే అది అబద్ధం.

కార్తీకమైతే దారి కాస్త పక్కకు తిప్పి చిన్నచింతకుంట వైపు పోవాలి. కురుమూర్తి కొండ మీది స్వామికి అమరచింత సాలెలు పట్టుబట్టలు నేసి ఇస్తారు. వడ్డెమానులో మాదిగలు నియమంతో పాదరక్షలు కుడతారు. వాటినే ఉద్దాలంటారు. ఆ ఉద్దాలు ఊరేగింపుగా కొండకు వస్తుంటే లక్షల జనం వాటిని నెత్తికి ఆనించుకోవాలని తోసుకుంటారు. తోలు పనిని తక్కువ చేసిన లోకమే ఆ రోజు ఆ తోలుకు తల వంచుతుంది. మిగతా ఏడాది కూడా వంచితే బాగుండును.

ఇప్పుడు ముడుమాల్ పోదాం. మొదట చెప్పిన రాళ్లు అక్కడే, కృష్ణ ఒడ్డున, చేన్ల నడుమ.

మూడున్నర వేల ఏళ్ల కిందటివని పరిశోధకుల లెక్క. ఎనభై వరకు నిలువురాళ్లు, పది అడుగుల నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు. వాటి చుట్టూ వరసలు వరసలుగా వేల చిన్న రాళ్లు. యంత్రాలు లేని కాలంలో ఇంత బరువును ఎట్లా లేపారో, ఎంతమంది భుజం పట్టారో! ఊరికే పాతలేదు. విషువత్తు రోజుల్లో, ఆయనాలు మారే రోజుల్లో పొద్దు పొడిచే దిక్కుకు, కుంకే దిక్కుకు కొన్ని జతలు సరిపోతాయని చెబుతారు. ఒక బండ మీద గుంటలు తొలిచి ఆకాశాన్ని దింపారు. అవి సప్తర్షి మండలం. పుస్తకం లేదు, పలక లేదు, ఏ నెలలో విత్తనం వేయాలో చెప్పేందుకు ఈ రాళ్లున్నాయి. వాన రాకడ నీడ నడకలో ఉందని తెలిసిన మనుషులు వాళ్లు. ఈ ఎండల్లో మూడు రోజులు తిరిగినవాడికి గాని వాళ్ల తెలివి అర్థం కాదు.

2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. చదువుకున్న లోకం అప్పుడు ఉలిక్కిపడి చూసింది. ముడుమాల్ జనం ఎన్నడూ వాటిని మరవలేదు. నిలువురాళ్ల తిమ్మప్ప అని మొక్కుతూనే ఉన్నారు. ఒక రాయికి పసుపు కుంకుమ పెట్టి ఎల్లమ్మ అన్నారు. లెక్క మరిచిపోయారు, భక్తి మరువలేదు. ఆ భక్తి లేకుంటే వాటిలో ఎన్ని గడపలుగా, కంచె స్తంభాలుగా పోయేవో.

నీ గొప్ప అదే, సీమా. చూపించడానికి అద్దాల పెట్టెలో పెట్టింది ఒక్కటి లేదు నీ దగ్గర. రాయి మొక్కులో ఉంది, బావి వాడుకలో ఉంది, చీర ఒంటి మీద ఉంది, నాలుగు భాషలు నోళ్లలో ఉన్నాయి, జింక చేనులో ఉంది. అందుకే విహారయాత్రల వ్యాపారం నీ వంక చూడలేదు. చూడకపోవడం వల్ల నీకు జరిగిన నష్టమెంతో, మేలూ అంతే.

చదివేవాళ్లకు ఒక మాట. 2023 అక్టోబరు 1 నుంచి జక్లేర్ దాటి కృష్ణ స్టేషను వరకు రైలుపట్టా కలిసింది. కాచిగూడ నుంచి రాయచూరు పోయే బండి ఇప్పుడు దేవరకద్ర, మక్తల్ మీదుగానే పోతుంది. మార్చి 20, 21 తేదీల్లో గాని, సెప్టెంబరు 22, 23 తేదీల్లో గాని రండి. పొద్దు పొడవక ముందే ముడుమాల్ చేరండి. రాళ్ల మీదికి ఎక్కకండి, పేర్లు చెక్కకండి. చేను తొక్కకుండా గట్టు మీదనే నడవండి. తిరుగు దారిలో నారాయణపేటలో ఆగి, మగ్గం ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ ఇంట్లో నేసిన చీరే, అడిగిన ధరకే కొనండి.