మిషన్ ఆగినప్పుడు

ఆఫ్‌సెట్ మిషన్ గంటకు పది వేలకు పైగా షీట్లు తీస్తుంది. దానికి అయిదు వందల బ్రోచర్లు ఒక లెక్కా? కానీ ఆ ఆర్డర్ ఎక్కాలంటే పాత ప్లేట్లు విప్పాలి, కొత్తవి బిగించాలి, బ్లాంకెట్లు కడగాలి, నాలుగు రంగులూ రిజిస్టర్‌కి రావాలి, అంటే ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలి. రంగు కుదిరేదాకా వచ్చిన షీట్లన్నీ వేస్టే. మేక్‌రెడీ అనే ఈ తయారీకి కస్టమర్ విడిగా డబ్బివ్వడు. అమెరికాలో చిన్న ఆర్డర్లు ప్లేట్లే అక్కర్లేని డిజిటల్ మిషన్లకు తరలిపోతుంటే, ఆఫ్‌సెట్ ప్రెస్సుల బతుకు ఈ మేక్‌రెడీ నిమిషాల మీదే ఆధారపడింది.

ఈ ఆలస్యానికి మందు జపాన్ నుంచి వచ్చింది. 1950లో షిగియో షింగో అనే ఇంజినీరు హిరోషిమాలోని మాజ్దా ఫ్యాక్టరీలో డై (రేకుకు రూపమిచ్చే అచ్చు) మార్చడం చూస్తూ నిలబడ్డాడు. ఒక బోల్టు కనబడలేదు. దాని కోసం పనివాడు గంటకు పైగా తిరిగి, చివరికి పక్క మిషన్‌ది పొడుగు బోల్టు తెచ్చి, కోసి, మర కొట్టి బిగించాడు. మిషన్ ఆగితేనే చేయగలిగేవి వేరు, నడుస్తుండగానే చేసి పెట్టుకోగలిగేవి వేరు అని షింగోకి అక్కడే తట్టింది. 1969లో టొయోటాలో రేకు నొక్కే వెయ్యి టన్నుల ప్రెస్ మీద నాలుగు గంటల డై మార్పిడిని ముందు గంటన్నరకు, తర్వాత మూడు నిమిషాలకు దించాడు. కాలిఫోర్నియాలో కాల్ పాలీ యూనివర్సిటీ అధ్యాపకులు మాల్కం కీఫ్, కెవిన్ కూపర్ ఈ పద్ధతిని అచ్చుపనికి అన్వయిస్తూ పుస్తకమే రాశారు.

నేను చూసిన మంచి ప్రెస్సుల్లో, ముందు జాబ్ ఆఖరి షీట్లు పడుతుండగానే తర్వాతి జాబ్ ప్లేట్లు అంచులు వంచి, యూనిట్ల వరసలో బండి మీద సిద్ధంగా ఉంటాయి. కాగితం ప్యాలెట్ ఫీడర్ పక్కన ఉంటుంది. ఏ రంగు ఎక్కడ ఎంత పడాలో ప్రీప్రెస్ ఫైలు నుంచే మిషన్‌కు అందుతుంది. రెంచీ ఎప్పుడూ ఒకే కొక్కేనికి వేలాడుతుంది. ప్రెస్‌మన్ మిషన్ వదిలి నాలుగడుగులు కూడా వేయడు.

ఇందులో ఖరీదైనవి తక్కువ. కష్టమైంది మాత్రం యజమానుల బుద్ధి. స్టాప్‌వాచ్ పట్టుకుని పనివాడి వెనక నిలబడితే అతను భయంతో తొందరపడతాడు, ప్లేటు గీరుకుపోతుంది. మిగిల్చిన అరగంట చూపించి ఒక మనిషిని తీసేస్తే, ఆ ప్రెస్సులో మళ్లీ ఎవరూ సలహా ఇవ్వరు. ఇవ్వకపోవడమే న్యాయం. ఆ అరగంటలో ఇంకో చిన్న ఆర్డర్ వేయండి.

అమెరికాలోనైనా విజయవాడలోనైనా ప్రెస్సు నడిపే మిత్రులకు నా మనవి ఒకటే. వచ్చే వారం ఒక జాబ్ మార్పిడిని మొదటి నుంచి చివరిదాకా ఫోన్‌లో వీడియో తీయించండి. మీ ప్రెస్‌మన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ముందు ఆయన్నే మాట్లాడనివ్వండి.